ఆ ఇంటర్ మెమో చూసి ‘నీవల్ల కాదు’ అనకండి

పదేళ్ల కిందటి మాట. అడ్మిషన్ల రోజులు. నర్సింగ్ కాలేజీలో నా టేబుల్ ముందు ఒక అమ్మాయి కూర్చుంది. అమ్మాయి అంటున్నాను గానీ అప్పటికే 31 ఏళ్లు, ఇద్దరు పిల్లల తల్లి. ప్లాస్టిక్ కవరులోంచి లామినేషన్ చేయించిన ఇంటర్ మెమో తీసి నా చేతికిచ్చింది. బైపీసీ. వెయ్యికి 431. ఫిజిక్స్ సప్లిమెంటరీలో గట్టెక్కింది. ‘‘మేడమ్, మా అత్తగారు పక్షవాతంతో ఏడాదిన్నర మంచంలో ఉన్నారు. అంతా నేనే చూశాను. వీపు మీద ఒక్క పుండు పడనివ్వలేదు. నర్సింగ్ చదవాలనుంది’’ అంది.

నేను మెమో చూశాను. వీపు సంగతి చెవికెక్కలేదు. ‘‘ఈ మార్కులతో అనాటమీ, ఫార్మకాలజీ ఎలా నెట్టుకొస్తావమ్మా? పైగా చిన్న పిల్లలు. టైలరింగ్ నేర్చుకుంటే ఇంటి పట్టున ఉండి నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చు కదా’’ అన్నాను. మంచి సలహా ఇచ్చాననే అనుకున్నాను. ఆవిడ మెమో మళ్లీ కవర్లో పెట్టుకుని, థాంక్స్ చెప్పి మరీ వెళ్లింది.

ఏడేళ్ల తర్వాత, బంధువులను చూడటానికి ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లాను. రాత్రి ఎనిమిది దాటింది. వార్డులో ఒక ఆయమ్మ, కదల్లేని పెద్దాయనను పక్కకు తిప్పి వీపు వెనక దిండు సర్దుతోంది. భుజం లాగకుండా, దుప్పటి మడత ఒంటికి గుచ్చుకోకుండా, ఆయనతో ఏదో మాట్లాడుతూ. ఇద్దరు నర్సింగ్ విద్యార్థినులు నిలబడి చూస్తున్నారు. నేను మూడేళ్లు క్లాసులో చెప్పినా కొందరికి పట్టుబడని పని అది. ఆవిడే నన్ను ముందు గుర్తుపట్టింది. ‘‘జీఎన్‌ఎంకి 40 శాతం ఉంటే చాలని తర్వాత తెలిసింది మేడమ్. తెలిసేసరికి 35 దాటిపోయాయి’’ అంది. మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే కొంత తేలిగ్గా ఉండేదేమో.

ఆవిడకు అర్హత ఉంది. అది తెలియాల్సిన కుర్చీలో నేనున్నాను. అయినా 431 అన్న అంకె చూసి మనిషిని పంపేశాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మీ ఇంట్లో కూతురో, కోడలో, చెల్లెలో ‘నర్సింగ్ చదువుతా’ అన్నప్పుడు మీరూ మొదట చూసేది ఆ మెమోనే కాబట్టి.

35 వేరు, 40 వేరు, 45 వేరు

ముందు లెక్కలు తేల్చుకుందాం. ఇంటర్‌లో పాస్ మార్కు 35 శాతం. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ చదివి, సైన్స్ సబ్జెక్టుల్లో కలిపి 45 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 40 చాలు. మూడేళ్ల జీఎన్‌ఎం డిప్లొమాకు 40 శాతం. దానికి సైన్స్‌కు ప్రాధాన్యం ఉన్నా సీఈసీ, హెచ్‌ఈసీ వాళ్లూ అర్హులే. కాకపోతే వాళ్ల ఇంగ్లిష్ మార్కులు విడిగా చూస్తారు. జీఎన్‌ఎం పూర్తిచేసి నర్సుగా రిజిస్టరయ్యాక, రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీతో డిగ్రీ అందుకోవచ్చు. అంటే డిగ్రీకి రెండు దారులున్నాయి. ఒకటి నేరుగా, ఒకటి కాస్త చుట్టు తిరిగి.

35కీ 45కీ మధ్యలో ఆగిపోయినవాళ్లే ఎక్కువగా దిగులు పడతారు. పాసయ్యారు, కానీ తలుపు దగ్గర ఆగిపోయారు. వీళ్లలో 40 దాటినవాళ్లకు జీఎన్‌ఎం ఉంది. బీఎస్సీయే కావాలనుకుంటే జాతీయ సార్వత్రిక విద్యాపీఠం, అదే ఎన్‌ఐఓఎస్‌లో, లేదా రాష్ట్ర ఓపెన్ స్కూల్లో సైన్స్ సబ్జెక్టులతో మళ్లీ ఇంటర్ స్థాయి పరీక్ష రాయొచ్చు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆ సర్టిఫికెట్లను భారత నర్సింగ్ కౌన్సిల్ అంగీకరిస్తుంది. బీఎస్సీ సీట్లకు ఇప్పుడు ప్రవేశ పరీక్ష ర్యాంకు చూస్తున్నారు కాబట్టి, అర్హత గీత దాటితే పాత మార్కుల బరువు చాలావరకు తగ్గిపోతుంది. పోటీ ఇవాళ్టి చదువుతోనే.

ఆగని లెక్క ఒకటే, వయసు. జీఎన్‌ఎంకు 17 నుంచి 35. బీఎస్సీకి కూడా ఏ ఏటికాయేడు ప్రవేశ ప్రకటనలో వయసు నిబంధన చదువుకోవాలి. మార్కులు పెంచుకోవచ్చు, సబ్జెక్టు మార్చుకోవచ్చు. 36వ పుట్టినరోజును మాత్రం వెనక్కి తిప్పలేం. ‘పిల్లాడు కాస్త పెద్దవాడయ్యాక చూద్దాంలే’, ‘ఇల్లు కట్టడం అయిపోనీ’ అని ఇంట్లో వాయిదా వేసినప్పుడల్లా ఈ గడియారం సంగతి ఎవరూ ఎత్తరు.

తక్కువ మార్కులు ఎందుకొచ్చాయి?

ఆరేళ్ల కిందటి షుగర్ రిపోర్టు తీసుకెళ్లి ఇవాళ మందు రాయమంటే ఏ డాక్టరూ రాయరు. ‘ఇప్పుడు ఎంతుందో చూపించుకుని రండి’ అంటారు. పిల్లల మార్కుల విషయంలో మాత్రం పదేళ్ల నాటి రిపోర్టుతోనే మనం జీవితకాలపు మందు రాసేస్తాం. ‘అది చదువులో అంతంతమాత్రం’ అన్న మాట పెళ్లి సంబంధాల దగ్గర మొదలై అత్తారింటి దాకా వెళ్లిపోతుంది.

నేను ఇప్పుడు మెమో చూసి ‘ఎంత’ అని అడగడం మానేశాను. ‘ఎందుకు’ అని అడుగుతాను. జవాబులు వింటే ఆశ్చర్యమేస్తుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో కిరణజన్య సంయోగక్రియ అని చదివిన పిల్ల, ఇంటర్‌లో హఠాత్తుగా ఫోటోసింథసిస్ అంటే అదేదో కొత్త పాఠం అనుకుని మూడు నెలలు బిక్కమొహం వేసింది. ఒకరికి రెండో ఏడాది పరీక్షల ముందు పెళ్లిచూపులు, నిశ్చితార్థం. ఒకమ్మాయి రెసిడెన్షియల్ కాలేజీలో పొద్దున ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా కూర్చుని కూర్చుని, చివరికి పుస్తకం తెరిస్తేనే కడుపులో తిప్పే స్థితికి వచ్చింది. రక్తహీనత ఉన్నా ఎవరూ గమనించక, క్లాసులో నిద్రపోయే బద్ధకస్తురాలని పేరు తెచ్చుకున్నవాళ్లనూ చూశాను. వీటిలో ఏ ఒక్కటీ మెమోలో ఉండదు. అక్కడ ఉండేది అంకె ఒక్కటే.

అలాగని అందరి కథా ఇలాగే ఉంటుందనను. కొందరికి చదవడం నిజంగానే ఇష్టం లేదు. చదవలేదు, మార్కులు రాలేదు. అదీ కారణమే. అయితే 17 ఏళ్ల వయసులో ఇష్టం లేనిది 28లోనూ ఇష్టం ఉండదని రాసిపెట్టి లేదు. మధ్యలో ఒక పురుడు, ఒక ఆస్పత్రి, ఒక జబ్బు మనిషి వచ్చి వెళ్లి ఉంటారు.

మన దగ్గర ఇది కొత్త ఆలోచనేమీ కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చిన్నతనంలోనే బడి మానేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లొచ్చాక మళ్లీ పుస్తకం పట్టి, బెనారస్ మెట్రిక్యులేషన్ పాసై, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ, తర్వాత మద్రాసులో లా చదివారు. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లను మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమే తొలి అధ్యక్షురాలు. 1958లో ఆ బోర్డు పెద్దవయసు మహిళలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. ఆగిన చదువును త్వరగా పూర్తిచేయించి నర్సులుగా, మంత్రసానులుగా, టీచర్లుగా, గ్రామసేవికలుగా శిక్షణకు పంపడం దాని ఉద్దేశాల్లో ఒకటి. నర్సుల కొరత ఉన్న దేశంలో, చదువు ఆగిన ఆడవాళ్ల వైపు చూడాలని ఆవిడకు అప్పుడే తట్టింది. నాకు తట్టలేదు.

కానీ మార్కులను గాలికొదిలేయొద్దు

ఇక్కడ మీరు ఒక ప్రశ్న అడగొచ్చు. ‘మా నాన్నకు ఐసీయూలో ఇంజెక్షన్ చేసే నర్సు ఇంటర్‌లో 42 శాతం తెచ్చుకున్న మనిషైతే ఎలా?’ అని. న్యాయమైన ప్రశ్నే. దాన్ని ‘మార్కులదేముంది, మనసు మంచిదైతే చాలు’ అని తోసేసేవాళ్లంటే నాకు భయం. నర్సింగ్‌లో సేవాభావంతో పాటు లెక్క కావాలి.

ఇన్సులిన్ సంగతే చూడండి. మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల రకం. 100 యూనిట్ల రకం కూడా ఉంది. దేని సిరంజి దానికే. 40 రకానికి ఎర్ర మూత, 100 రకానికి నారింజ రంగు మూత. 40 రకం ఇన్సులిన్‌ను నారింజ మూత సిరంజితో పది గీతల దాకా తీస్తే రోగికి అందేది నాలుగు యూనిట్లే. తిరగేసి, 100 రకాన్ని ఎర్ర మూత సిరంజితో పది గీతలు తీస్తే 25 యూనిట్లు వెళ్తాయి. షుగర్ పడిపోయి మనిషి ప్రాణం మీదకు వస్తుంది. సెలైన్ కూడా అంతే. 500 మిల్లీలీటర్లు ఎనిమిది గంటల్లో ఎక్కాలి, సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలది అయితే, నిమిషానికి 21 చుక్కలు. ఇది ఏడో తరగతి నిష్పత్తి లెక్కే. కానీ తెల్లవారుజామున మూడింటికి, పక్క మంచం మీద ఇంకొకరు వాంతి చేసుకుంటుండగా తప్పు లేకుండా చేయాలి.

అందుకే పాత మార్కుల వెనక ఉన్న అసలు లోపం ఏదో పట్టుకుని, ఫీజు కట్టకముందే సరిచేసుకోవాలి. లెక్కలంటే భయమా, ఇంగ్లిష్ అర్థం కాకపోవడమా, చదివింది గుర్తుండకపోవడమా? కాలేజీ ఆ పని చేసిపెట్టదు. అక్కడ మొదటి సెమిస్టర్‌లోనే అనాటమీ, ఫిజియాలజీ, సైకాలజీ, సోషియాలజీ అన్నీ ఒకేసారి మీద పడతాయి. అన్నీ ఇంగ్లిష్‌లో. పైగా పాస్ మార్కు 35 కాదు. నర్సింగ్ సబ్జెక్టుల్లో థియరీకి 50, ప్రాక్టికల్‌కు 50 శాతం విడివిడిగా రావాలి. ‘42 శాతం నర్సు’ అనేది అసలు ఉండదని, మీ నాన్నగారి విషయంలో ఇదే నా జవాబు. ఆ 42 ఇంటర్ గేటు దగ్గరే ఆగిపోతుంది. లోపల ప్రతి నర్సింగ్ పేపరులో 50 రావాల్సిందే.

నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేనిప్పుడు ఆరు వారాల పని ఇస్తున్నాను. మొదటి ఏడాది అనాటమీ పుస్తకం ఎవరిదైనా పాతది అడిగి తెచ్చుకోండి, కొనొద్దు. రోజూ ఒక గంట, ఒకే వేళకు. గుండెలోకి రక్తం ఎటు వచ్చి, ఊపిరితిత్తులకు ఎటు వెళ్లి, మళ్లీ ఎటు వచ్చి ఒళ్లంతా పారుతుందో చదివి, పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద బొమ్మ గీయండి. తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దుకుని మర్నాడు మళ్లీ గీయండి. వారానికోసారి అదే విషయం ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పండి. అత్తగారికి అర్థమయ్యేలా చెప్పగలిగితే మీకు వచ్చినట్టే. దాంతోపాటు రోజూ పది లెక్కలు: దశాంశాలు, శాతాలు, నిష్పత్తులు, గ్రాములను మిల్లీగ్రాముల్లోకి మార్చడం. ఆరు వారాలయ్యాక నా దగ్గరికి వచ్చి ఆ కాగితాలు చూపించమంటాను. కొందరు రారు. వచ్చినవాళ్ల మెమో నేను మళ్లీ అడగను.

ఆర్టీసీ మామగారి డ్యూటీ చార్టు

నాలుగేళ్ల కిందట ఒక మామగారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ‘‘మేడమ్ గారూ, మా కోడలు నర్సింగ్ అంటోంది. సీఈసీ, వెయ్యికి 463. ఆ చదువు దానికి వస్తుందా? మీరే నచ్చజెప్పి పంపేయండి’’ అన్నారు. పక్కన కోడలు తల దించుకుని కూర్చుంది. 29 ఏళ్లు. ఒక బాబు, యూకేజీ. భర్త ఒక ఎలక్ట్రికల్ షాపులో లెక్కలు రాస్తాడు.

‘ఎందుకు’ అని అడిగాను. ఇంటర్ రెండో ఏడాది వాళ్ల నాన్నకు కిడ్నీలు పాడయ్యాయట. వారానికి మూడుసార్లు డయాలసిస్. తమ్ముడు చిన్నవాడు, అమ్మ కూలి పనికి పోవాలి. ఈ అమ్మాయే వెంట వెళ్లేది. ‘‘డయాలసిస్ గదిలో కూర్చునే పరీక్షలకు చదివాను మేడమ్’’ అంది. మామగారు కోడలి వంక కొత్తగా చూశారు. పెళ్లయి ఆరేళ్లయినా ఆయనకు ఆ సంగతి తెలియదు. మార్కులు ఎన్నో తెలుసు.

జీఎన్‌ఎంలో చేరింది. కథ అక్కడి నుంచి సాఫీగా సాగలేదు. మొదటి ఇంటర్నల్ పరీక్షలో బయో సైన్సెస్‌లో 25కు 7 వచ్చాయి. మామగారు ఫోన్ చేసి ‘‘నేను ముందే చెప్పలేదూ’’ అన్నారు. ఆ అమ్మాయి నోట్స్ తెప్పించి చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలు, స్కెచ్ పెన్నులతో హెడ్డింగులు. రాత్రి పన్నెండు దాకా పుస్తకంలో ఉన్నది నోట్సులోకి ఎక్కించడమే చదువనుకుంటోంది. పదేళ్ల తర్వాత తిరిగొచ్చేవాళ్లలో ఈ జబ్బు చాలామందికి ఉంటుంది. రాసే చెయ్యి అలిసిపోతుంది, తలకేమీ ఎక్కదు. చూడకుండా చెప్పడం, చూడకుండా గీయడం మొదలుపెట్టించాక మూడో ఇంటర్నల్‌కు 14 వచ్చాయి. గొప్ప మార్కులేం కాదు. ఏడాది చివర గీత దాటింది.

అసలు మార్పు వాళ్లింట్లో వచ్చింది. ‘‘పొద్దున ఆరింటికి వార్డు పోస్టింగ్ అంటే మా ఇంట్లో ఐదింటికి నలుగురికీ టిఫిన్ ఎవరు చేస్తారు మేడమ్?’’ అని ఆ అమ్మాయి ఒకరోజు ఏడ్చింది. మామగారికి ఆ మాట ఎలా చేరిందో గానీ, మర్నాడు ఆయన వంటింటి గోడకు ఒక కాగితం అంటించారు. ఆర్టీసీ డ్యూటీ చార్టే. ఎవరు ఏ పూట ఏ పని. మనవడిని బడికి దించడం, పాల ప్యాకెట్లు, ఇడ్లీ పిండి రుబ్బించుకు రావడం ఆయన వంతు. రాత్రి గిన్నెలు కొడుకు వంతు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఆవిడకు కూరలు తరగడం. పరీక్షల వారం కోడలి పేరు ఎదురుగా ‘సెలవు’ అని రాసి ఉంది. ఆ కాగితం ఫొటో నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. మధ్యతరగతి ఇళ్లలో ఫీజుకు ఎలాగోలా డబ్బు పుడుతుంది. చిట్టీ పాడతారు, బంగారం కుదువ పెడతారు, బ్యాంకు విద్యారుణం తెస్తారు. కోడలికి రోజూ రెండు గంటలు పుట్టించడం మాత్రం ఏ బ్యాంకువల్లా కాదు.

ఆ అమ్మాయి ఇప్పుడు చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌లో ఉంది. క్లాసులో మధ్యస్తంగా ఉంటుంది. ఈ మధ్య డయాలసిస్ యూనిట్‌లో పోస్టింగ్ అడిగి మరీ వేయించుకుంది.

ఇంకొకావిడ గురించీ చెప్పాలి, లేకపోతే ఇది సినిమా అవుతుంది. 33 ఏళ్లు, డిగ్రీలో మంచి మార్కులు. ఆడపడుచు జర్మనీలో నర్సు అని, తనూ వెళ్లాలని చేరింది. పుండు కట్టు విప్పిన మొదటి రోజే కళ్లు తిరిగాయి. అది మామూలే, చాలామందికి రెండు వారాల్లో పోతుంది. ఈవిడకు నాలుగు నెలలైనా పోలేదు. ఒకరి మలమూత్రాలు ముట్టుకోవడం నావల్ల కాదని వెళ్లిపోయింది. కట్టిన ఫీజు వెనక్కి రాలేదు. మార్కులు చూసి ఈవిడను చేర్చుకున్నాం, ‘ఎందుకు’ అని అడగలేదు. విదేశం వెళ్లడం తప్పేం కాదు. కానీ మధ్యలో వార్డు ఉంది. చేరకముందే నర్సుగా చేస్తున్న బంధువును అడిగి, ఆ పని నిజంగా ఎలా ఉంటుందో ఒక గంట కూర్చుని విని రావాలి.

‘హాజరు అక్కర్లేదు’ అనేవాళ్లు

మార్కులు తక్కువున్నవాళ్ల ఫోన్ నంబర్లు సీటు బ్రోకర్లకు ఎలా చేరతాయో తెలియదు గానీ, చేరతాయి. ‘పక్క రాష్ట్రంలో సీటు ఉంది, ఇంటర్ మార్కులతో పని లేదు, కాలేజీకి వెళ్లక్కర్లేదు, పరీక్షలు రాస్తే చాలు’ అంటారు. ‘నాకు ఇంకెక్కడా రాదు’ అని కుంగిపోయి ఉన్న మనిషికి ఆ మాట అమృతంలా వినిపిస్తుంది. సిగ్గుపడి ఇంట్లో చెప్పకుండా డబ్బు కట్టేసినవాళ్లూ ఉన్నారు.

ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు. నర్సింగ్‌లో థియరీ తరగతులకు 80 శాతం హాజరు ఉండాలి. ప్రాక్టికల్స్‌లో అయితే డిగ్రీ చేతికి వచ్చేలోగా ప్రతి విభాగంలోనూ నూటికి నూరు శాతం పూర్తిచేయాలి. బీఎస్సీ చివరి సెమిస్టర్ మొత్తం ఆస్పత్రిలోనే, 22 వారాలు, వారానికి 48 గంటలు. ఇంట్లో కూర్చుని బేసిక్ నర్సింగ్ చదవడమనేది లేదు. ‘హాజరు అక్కర్లేదు’ అన్న మాట వినపడగానే లేచి వచ్చేయండి. ఆ కాగితంతో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ లేకపోతే నర్సు కాదు.

కాలేజీ పేరు ఆ విద్యా సంవత్సరానికి గుర్తింపు జాబితాలో ఉందో లేదో భారత నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో, రాష్ట్ర కౌన్సిల్ దగ్గర చూసుకోండి. బీఎస్సీ కాలేజీకి కనీసం వంద పడకల సొంత ఆస్పత్రి ఉండాలి. ఏదో ఒక పనిదినాన పొద్దున పది గంటలకు చెప్పాపెట్టకుండా ఆ ఆస్పత్రికి వెళ్లి వార్డుల్లో ఎన్ని మంచాల మీద మనుషులున్నారో మీరే లెక్కపెట్టండి. బ్రోషర్ కంటే అది బాగా చెబుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మధ్యవర్తి చేతిలో పెట్టొద్దు.

‘కోడలు నైట్ డ్యూటీకి వెళ్తుందా?’

మార్కుల గురించి మాట్లాడుతున్నాం అనుకుంటాం గానీ, చాలా ఇళ్లలో మెమో ఒక సాకు. లోపల ఉన్న అభ్యంతరం వేరే. ‘నర్సా? నలుగురూ ఏమనుకుంటారు?’ సాఫ్ట్‌వేర్ కోడలు రాత్రి పదింటికి క్యాబ్ ఎక్కితే ‘అమెరికా ప్రాజెక్టు’ అని గర్వంగా చెప్పుకునే ఇంట్లోనే, నర్సు కోడలి నైట్ డ్యూటీ మీద చర్చ జరుగుతుంది. అబ్బాయిలదీ ఇదే గొడవ. బైపీసీ చదివి ఎక్కడా సీటు రాక బైక్ డెలివరీలు చేసుకుంటున్న కుర్రాడికి నర్సింగ్ అని చెబితే వాళ్లమ్మ నా మీద కోప్పడింది. ఐసీయూల్లో, ఎమర్జెన్సీలో మగ నర్సులను ఆవిడ చూడలేదేమో.

ఇదే మనం, మనకు ఒంట్లో బాగాలేనప్పుడు ‘ఆ సిస్టర్ చెయ్యి చల్లనిది, ఆవిడనే పిలవండి’ అంటాం. ఆ సిస్టర్ ఇంటర్‌లో ఎన్ని మార్కులు తెచ్చుకుందో ఎవరమైనా ఎప్పుడైనా అడిగామా?

అభ్యంతరం నైట్ డ్యూటీ మీదైతే నైట్ డ్యూటీ గురించే మాట్లాడండి. ఎవరు దించుతారు, ఎవరు తీసుకొస్తారు, బాబు ఎవరి పక్కన పడుకుంటాడు. వీటికి జవాబులు దొరుకుతాయి. ‘నీకా చదువు రాదులే’ అన్న మాటకు మాత్రం జవాబు ఉండదు. ఆ మాట విన్న మనిషి ఇంకెవరినీ అడగదు. నా దగ్గర విన్న ఆవిడ ఇంకో కాలేజీకి వెళ్లలేదు. నాలుగేళ్లు టైలరింగ్ చేసింది.

ఆవిడ ఇప్పటికీ ఆ ఆస్పత్రిలోనే ఉంది. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటాను. పోయిన నెల తనే చేసింది. పెద్దమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, బైపీసీ. ఫిజిక్స్‌లో బాగా తక్కువ వస్తున్నాయట. ‘‘నాలాగే అవుతుందేమో మేడమ్’’ అంది. ఆదివారం పది గంటలకు అమ్మాయిని పంపించమన్నాను. మెమోలు, ప్రోగ్రెస్ కార్డులు ఏవీ తేవద్దని, తెల్ల కాగితాలు, ఒక ఎర్ర పెన్ను తెచ్చుకోమని చెప్పాను.